అబద్ధం చెప్పినా నమ్మే ఇంజన్

(నెల్లూరులో ఆటోమొబైల్ డిప్లొమా చదివే విద్యార్థుల ముందు ఒక షెడ్డు మెకానిక్, పాత కారుకి కార్బురేటర్ తీసి ఇంజెక్షన్ పెట్టిన అనుభవం మీద చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే, అక్కడక్కడా కుదించి.)

కూర్చోండమ్మా, కూర్చోండి. మైకు వద్దులెండి సార్. గ్రైండర్ మోత మీద అరిచి అరిచి నా గొంతు ఇలా తయారైంది, వెనక బెంచీ దాకా వినపడుతుంది.

ముందు ఒకటి అడుగుతా. కార్బురేటర్‌ని, అదే గాలిలో పెట్రోల్ కలిపి ఇంజన్‌కి పంపేదాన్ని, చేత్తో విప్పినవాళ్లు మీలో ఎంతమంది? చేతులెత్తండి. నలుగురు... అదిగో ఆ అమ్మాయితో ఐదుగురు. మీ తప్పేం లేదు. 2020 ఏప్రిల్లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బైకుల్లో కార్బురేటర్ కనపడటమే మానేసింది. కార్లలో అయితే 2000లో కాలుష్యం నిబంధనలు బిగించినప్పటి నుంచే అది పోతూ వచ్చింది. మీరు పుట్టేనాటికే కార్లలో దాని పని అయిపోయింది.

నేను మాత్రం దాని కిందే పెరిగాను. మా మేస్త్రి ఇంజన్ స్టార్ట్ చేసి, పొడవాటి స్క్రూడ్రైవర్ ఒక కొన హెడ్డుకి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. మిక్చర్ స్క్రూ పావు తిప్పు లోపలికి, అరపావు బయటికి. "ఇప్పుడు పాడతా ఉంది చూడు" అనేవాడు. నిజంగానే పాడేది. అయితే అది జనవరిలో పొద్దున ఎనిమిదింటికి పాడిన పాట. రోహిణి కార్తెలో మధ్యాహ్నం అదే బండి ఆత్మకూరు బస్టాండు సెంటర్లో ఆగిపోయేది. అంబాసిడర్ డ్రైవర్లు బానెట్ ఎత్తి, పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ కప్పి, పక్కనే బీడీ కాలుస్తూ నిలబడేవాళ్లు. పెట్రోల్ పక్కన బీడీ! "ఎయిర్ లాక్ అయింది" అనేవాళ్లు గానీ అక్కడ అడ్డం పడేది గాలి కాదు, పెట్రోల్ ఆవిరి. పంపు ఇంజన్‌కే బిగించి ఉండేది. ఇంజన్ వేడికి లోపలి పెట్రోల్ మరిగి ఆవిరయ్యేది. పంపు ఆవిరిని పీల్చేది, కార్బురేటర్‌కి చుక్క చేరేది కాదు.

ఇంకో సంగతి. సంక్రాంతి తెల్లవారుజామున మనకు 20 డిగ్రీలు ఉందనుకోండి, ఎండాకాలంలో 44. అదే సిలిండర్, అదే స్ట్రోకు. కానీ వేడిగాలి పలచన కాబట్టి లోపలికి వెళ్లే గాలి బరువు ఏడెనిమిది శాతం తగ్గిపోతుంది. కార్బురేటర్‌కి గాలి ఎంత వేగంగా పోతోందో తెలుస్తుంది గానీ అది వేడిదో చల్లదో తెలియదు. పెట్రోల్ వచ్చే జెట్‌కి ఉన్నది ఒక్కటే చిల్లు.

ఇప్పుడు బండి సంగతికి వస్తా. మూడేళ్ల కింద మైపాడు నుంచి ఒకాయన కాంటెస్సా కారు తెచ్చాడు. ఆ పేరు మీ నాన్నల్ని అడగండి, చెబుతారు. 1984లో వచ్చిన బండి, తర్వాత దాంట్లో ఇసుజు 1,817 సీసీ ఇంజన్ పెట్టారు. కంపెనీ లెక్కలో 88 హార్స్ పవర్. ఇవాళ మీకు నవ్వొస్తుంది, ఆ రోజుల్లో హైవే మీద దాన్ని దాటేవాడు లేడు. ఈయన వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్ మార్పించాడు, పొగ తేలిగ్గా పోయేలా ఎగ్జాస్ట్‌కి హెడర్ వేయించాడు. అక్కడి నుంచి కార్బురేటర్ లొంగలేదు. పెద్ద జెట్ వేస్తే తక్కువ ఆర్‌పీఎంలో పొగ, చిన్న జెట్ వేస్తే ఎక్కువ ఆర్‌పీఎంలో పికప్ లేదు. "అన్నా, దీన్ని ఇంజెక్షన్ చేసెయ్" అన్నాడు. అంటే కార్బురేటర్ తీసేసి, కంప్యూటర్ లెక్క ప్రకారం ఇంజెక్టర్లతో పెట్రోల్ పిచికారీ కొట్టించమని.

నేను వెంటనే సరే అనలేదు. ముందు కంప్రెషన్, అంటే సిలిండర్లు గాలిని ఎంత గట్టిగా నొక్కుతున్నాయో చూశాను. నాలుగు సిలిండర్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి కాబట్టి ముట్టుకున్నాను. రింగులు అరిగిపోయిన ఇంజన్‌కి ఇంజెక్షన్ పెట్టడమంటే కళ్లు కనపడని మనిషికి కళ్లజోడు ఫ్రేము మార్చడమే. డబ్బులు దండగ, పైగా తిట్లు మనకి.

ఇంజెక్షన్ మొన్న మొన్న వచ్చిందేం కాదు. అమెరికాలో బెండిక్స్ అనే కంపెనీ 1950ల చివర్లోనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ చేసింది, అప్పటి ఎలక్ట్రానిక్స్ దానికి తట్టుకోలేకపోయాయి. ఆ పేటెంట్లు బాష్ కంపెనీ చేతికి వచ్చి, 1967లో ఫోక్స్‌వ్యాగన్ కార్లలో నిలబడింది. చరిత్ర ఇంతవరకు చాలు.

పని మొదలుపెట్టేటప్పుడు అందరి కళ్లూ కంప్యూటర్ మీదే ఉంటాయి. నా కళ్లు పెట్రోల్ పైపు మీద ఉంటాయి. కార్బురేటర్‌కి పెట్రోల్ వెళ్లే ఒత్తిడి బార్‌లో మూడో వంతు కూడా ఉండదు. ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి అంత. ఇంజెక్టర్‌కి కావాల్సింది మూడు బార్లు. పాత రబ్బరు పైపుకి పాత స్క్రూ క్లిప్పు బిగించి మూడు బార్లు వదిలారనుకోండి, ఎక్కడో ఒకచోట సన్నగా పిచికారీ కొడుతుంది. కింద ఎర్రగా కాలిన ఎగ్జాస్ట్ ఉంటుంది. ఇక చెప్పక్కర్లేదు. అందుకే ట్యాంక్ నుంచి ముందు దాకా కొత్త లైను, ఇంజెక్షన్‌కి తట్టుకునే హోస్, పైపుని చుట్టూ సమంగా పట్టే క్లిప్పులు, మిగిలిన పెట్రోల్ ట్యాంక్‌కి తిరిగి పోవడానికి రిటర్న్ లైను. ఆ రిటర్న్ వల్లే మన ఎండలకి ఎయిర్ లాక్ బాధ పోతుంది. పెట్రోల్ ఒకచోట నిలబడి కాగదు, తిరుగుతూనే ఉంటుంది. పైగా ఒత్తిడిలో ఉన్న పెట్రోల్ అంత తొందరగా మరగదు. తడిగుడ్డ అక్కర్లేదు.

పంపుకి కరెంటు నేరుగా ఇగ్నిషన్ కీ నుంచి ఇవ్వొద్దు. రిలే అనే కరెంటు స్విచ్చి పెట్టి, ఆ రిలేని ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ చేతికి ఇవ్వాలి. కీ తిప్పగానే రెండు సెకన్లు తిరిగి ఆగాలి, ఇంజన్ తిరిగితేనే మళ్లీ తిరగాలి. రేపు బండి గుద్దుకుని ఇంజన్ ఆగిపోతే, పంపు మాత్రం తెగిన పైపులోంచి పెట్రోల్ పోస్తూ కూర్చోకూడదు కదా.

ఇంజెక్టర్ ఏ సైజు? ఇక్కడ చాలామంది పెద్దది వేస్తే పవర్ పెరుగుతుందనుకుంటారు. లెక్క తేలికే, రాసుకోండి. పెట్రోల్ ఇంజన్ పూర్తి లోడులో ఒక్కో హార్స్ పవర్‌కి గంటకు సుమారు 227 గ్రాముల పెట్రోల్ తాగుతుంది. 88కి 20 కిలోలు. నలుగురికి పంచితే తలా ఐదు కిలోలు, నిమిషానికి 83 గ్రాములు, అంటే 112 సీసీ. ఇంజెక్టర్‌ని నూటికి నూరు శాతం తెరిచి ఉంచకూడదు, 80 శాతంలో ఆగాలి కాబట్టి 140 సీసీ కావాలి. క్యామ్, హెడర్ కలిసి 120 హార్స్ పవర్ వస్తుందనుకుంటే 190 చిల్లర. నేను 200 చిల్లర సీసీవి వేశాను. ఒక కుర్రాడు ఆన్‌లైన్లో చూసి 550వి కొనుక్కొచ్చాడు మొన్న. ఎందుకు వద్దన్నానో చెబుతా. 800 ఆర్‌పీఎం ఐడిలింగ్‌లో ఇంజెక్టర్ తెరుచుకునేది రెండు మూడు మిల్లీ సెకన్లు. అందులో ఒకటి దానికి ఒళ్లు విరుచుకోవడానికే పోతుంది, తెరుచుకోవడానికి టైం పడుతుంది కదా. మిగిలిన కాసింత టైంలో అంత పెద్ద ఇంజెక్టర్‌తో చుక్కలు లెక్కపెట్టడమంటే, చెంబుతో కంట్లో మందు వేసినట్టు ఉంటుంది. (నవ్వులు)

గాలిని నాలుగు సిలిండర్లకీ పంచే గొట్టాల్ని మ్యానిఫోల్డ్ అంటాం. కాంటెస్సా మ్యానిఫోల్డ్‌కి ఇంజెక్టర్ కూర్చునే చోటు లేదు. ఆటోనగర్‌లో లేత్ మీద అల్యూమినియం బుష్‌లు తిప్పించి, నాలుగు దారులకీ చిల్లులు వేసి, వెల్డింగ్ చేయించాం. పిచికారీ గోడకి తగలకుండా ఇన్‌లెట్ వాల్వ్ వీపు మీద పడాలి. ఆ కోణం కోసం ముందు వెదురుపుల్ల గుచ్చి చూసుకున్నాను. వాల్వ్ దాకా పుల్ల తగలకుండా వెళ్తే పిచికారీ కూడా వెళ్తుంది. మొదటి వెల్డింగ్‌కి మ్యానిఫోల్డ్ వంకర తిరిగింది, మళ్లీ మొహం చదును చేయించాల్సి వచ్చింది. నాలుగు రోజులు దానికే.

ఇక సెన్సార్లు. ఇంజన్ ఏ వేగంతో తిరుగుతోంది, మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడి ఎంత, వచ్చే గాలి వేడి ఎంత, నీళ్ల వేడి ఎంత, థ్రాటిల్ ఎంత తెరిచావు. ఈ ఐదూ ఉంటే సిలిండర్లోకి ఎన్ని గ్రాముల గాలి వెళ్లిందో ఈసీయూ లెక్క కడుతుంది. మీరు ఇంటర్లోనో పదిలోనో చదివిన వాయు సమీకరణమే. వేగం కోసం క్రాంక్ పుల్లీకి 36 పళ్లలో ఒకటి తీసేసిన చక్రం బిగించాను. ఆ ఖాళీ కనపడినప్పుడల్లా పిస్టన్ ఎక్కడుందో దానికి తెలుస్తుంది. స్పార్క్ మాత్రం మొదటి నెల పాత డెల్కోతోనే, అదే ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌తోనే వదిలేశాను. ఒకేసారి రెండూ మారిస్తే, బండి స్టార్ట్ కాకపోతే తప్పు పెట్రోల్‌దా నిప్పుదా అని జుట్టు పీక్కోవాలి. ఈసీయూ విషయంలో మీకు ఖరీదైనవి అక్కర్లేదు. మెగాస్క్వర్ట్, స్పీడ్యునో లాంటివి మీ చేత్తో టంకం పెట్టుకోవచ్చు. స్పీడ్యునో అయితే మీ ప్రాజెక్టుల్లో వాడే ఆర్డుయినో మెగా బోర్డు మీదే నడుస్తుంది.

ఆరో సెన్సార్ ఉంది. అది ఎగ్జాస్ట్‌లో కూర్చునే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్. మీలో రొయ్యల చెరువులున్న ఇళ్ల పిల్లలు ఎవరు? ఇందుకూరుపేట, ముత్తుకూరు వాళ్లుంటారుగా. ఆఁ, నువ్వా. మీ తాత చెరువుని ఎట్టా చూసేవాడు అబ్బయ్యా? నీళ్ల రంగు చూసి, రొయ్య గట్టుకి వస్తోందా లేదా చూసి. మీ నాన్న? తెల్లారుజామున నాలుగింటికి డీవో మీటర్ ముంచి నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చూసి, నీళ్లని చిలికే ఏరియేటర్లు వేస్తాడు. మా మేస్త్రి మీ తాత లాంటివాడు. వైడ్‌బ్యాండ్ మీ నాన్న చేతిలో మీటర్. కాలిపోగా పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చెబుతుంది. మిగిలితే పెట్రోల్ తక్కువైందని, కాలని పెట్రోల్ మిగిలితే ఎక్కువైందని. తాతకి తెలిసిందేమీ తప్పు కాదు. కాకపోతే రొయ్య గట్టుకొచ్చాక తెలిసేది.

పెట్రోల్ కిలోకి గాలి 14.7 కిలోలు అని పుస్తకంలో చదివారు. ఇవాళ బంకులో పోసే ఈ-20కి, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కి అది చెల్లదు. ఇథనాల్‌కి కిలోకి తొమ్మిది కిలోల గాలి చాలు కాబట్టి, 20 శాతం కలిస్తే లెక్క దాదాపు 13.5కి దిగుతుంది. పాత పెట్రోల్‌కి సెట్ చేసిన కార్బురేటర్‌లో ఇవాళ్టి పెట్రోల్ పోస్తే మిక్చర్ ఎనిమిది తొమ్మిది శాతం పలచన అయినట్టే. మన షెడ్లకి పాత బండ్లు "పికప్ పోయింది, ఇంజన్ కాగుతోంది" అని రావడంలో దీని వాటా కూడా ఉంది. ఇథనాల్ తేమ పీలుస్తుంది, పాత రబ్బరుని ఉబ్బిస్తుంది. ఇంజెక్షన్‌లో టేబుల్ మారిస్తే మిక్చర్ సమస్య పోతుంది. రబ్బరు సమస్య పోదు, రబ్బరు మార్చాల్సిందే.

టేబుల్ అన్నాను కదా. ఒక పక్క ఆర్‌పీఎం, ఒక పక్క మ్యానిఫోల్డ్ ఒత్తిడి, పదహారు పదహార్లు 256 గడులు. ఒక్కో గడిలో ఆ సమయంలో ఇంజన్ ఎంత గాలి మింగగలదో ఒక అంకె. తెల్లవారుజామున కోవూరు దాటి హైవే ఎక్కేవాళ్లం. బండి ఓనరు నడిపేవాడు, నేను ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకునేవాణ్ణి. నడిపేవాడు ల్యాప్‌టాప్ చూడకూడదు, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా. వారం రోజుల్లో గడులన్నీ దారికి వచ్చాయి. ఆనందంగా బండి ఇచ్చి పంపాను.

మూడో రోజు ఫోన్. "అన్నా, ఉన్నట్టుండి నల్లపొగ కొడుతోంది, కాసేపటికి అదే పోతోంది." తెప్పించాను. షెడ్డులో బాగానే ఉంది. పది నిమిషాలకి పొగ. ఇంజెక్టర్లు విప్పి కడిగాను. మ్యానిఫోల్డ్ ఒత్తిడి చూసే మ్యాప్ సెన్సార్ మార్చాను. పెట్రోల్ ఒత్తిడి రెగ్యులేటర్ మార్చాను. రెండు రోజులు పోయాయి, ఓనరు వచ్చి బల్ల మీద కూర్చుని ఏమీ అనకుండా చూస్తున్నాడు. దాన్ని మించిన టెన్షన్ లేదు. మూడో రోజు మా హెల్పర్ కుర్రాడు టీ తాగుతూ, "అన్నా, రేడియేటర్ ఫ్యాన్ తిరిగినప్పుడే పొగ" అన్నాడు. పో రా అనబోయి ఆగాను. స్క్రీన్ మీద నీళ్ల వేడి చూస్తున్నా. 88 ఉంది. ఫ్యాన్ టక్కున పడింది. 88 కాస్తా 55 అయింది! నీళ్లు రెప్పపాటులో ముప్పై డిగ్రీలు చల్లబడతాయా?

మీటర్ తీసి ఒక కొన బ్యాటరీ మైనస్‌కి, ఇంకో కొన సెన్సార్ల ఎర్త్ వైర్లు బిగించిన బాడీ బోల్టుకి పెట్టాను. ఫ్యాన్ ఆగి ఉంటే దాదాపు సున్నా. ఫ్యాన్ తిరిగితే 0.7 వోల్టులు. పక్కనే అదే బోల్టుకి ఫ్యాన్ ఎర్త్ కూడా వేసి ఉంది, నేనే వేశాను. ఎర్త్ ఎక్కడైనా ఎర్తే కదా అనుకుని. మైపాడులో సముద్రపు గాలికి నిలబెట్టే బండి. బోల్టు విప్పితే కింద రంగు మీద తుప్పు, వైరు కొనకున్న లగ్గు మీద పచ్చగా చిలుము. ఫ్యాన్ పది ఆంపియర్లు ఆ చిలుములోంచి పోవాలి. పోయేటప్పుడు ఆ బోల్టు 0.7 వోల్టులు పైకి లేస్తోంది, దాంతోపాటు సెన్సార్ కూడా లేస్తోంది. ఈ సెన్సార్‌లో వోల్టేజీ పెరిగితే నీళ్లు చల్లగా ఉన్నట్టు అర్థం. ఈసీయూ "అయ్యో, ఇంజన్ చల్లగా ఉంది" అనుకుని చోక్ లాగినట్టు పెట్రోల్ పోసింది. దాని తప్పేముంది? నేను అబద్ధం చెప్పాను, అది నమ్మింది. కార్బురేటర్ అయితే ఎవరి మాటా వినదు, నమ్మదు. ఇది ప్రతి మాటా నమ్ముతుంది.

సెన్సార్ల ఎర్త్‌లన్నీ ఈసీయూ దగ్గరికే తెచ్చి, ఈసీయూ ఎర్త్ నేరుగా బ్యాటరీకి వేశాను. పావుగంట పని. ఆ కుర్రాడికి ఆ సాయంత్రం బిర్యానీ.

ఇంకొకటి త్వరగా చెప్పి ముగిస్తా. ఓనరు శివరాత్రికి ముందు శ్రీశైలం వెళ్లాడు. దోర్నాల దాటి ఘాట్ ఎక్కాక, ప్రతి మలుపులో ఇంజన్ ఒక్క క్షణం చచ్చి బతికేదట. ట్యాంక్ సగం ఉంది. మలుపులో పెట్రోల్ ఒక పక్కకి ఒరిగితే పంపు గాలి పీలుస్తోంది. కార్బురేటర్ తొట్టిలో కాసింత పెట్రోల్ నిలవ ఉండేది కాబట్టి అంతకుముందు ఇది తెలియలేదు. డిక్కీలో లీటరు పట్టే చిన్న సర్జ్ ట్యాంక్ పెట్టి, ముందు ఒక చిన్న పంపుతో దాన్ని నింపుతూ, పెద్ద పంపు దాంట్లోంచి లాగేలా చేశాం. మళ్లీ ఆ మాట రాలేదు.

ఏంటమ్మా? నిలబడి అడుగు, పర్లేదు.

*— ఇలా మారిస్తే ఆర్టీవో వాళ్లు ఒప్పుకుంటారా సార్?*

మంచి ప్రశ్న. బండిలో మార్పులకి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. 2019లో సుప్రీంకోర్టు కూడా కంపెనీ వివరాలకి భిన్నంగా మార్చకూడదని చెప్పింది. కాబట్టి పానా పట్టుకోకముందే ఆర్టీవో ఆఫీసుకి వెళ్లి రాతపూర్వకంగా అడగండి. మేం అడిగాం. తిరిగాం కూడా, అది వేరే కథ.

*— మైలేజీ పెరిగిందా అన్నా?*

కొంచెం. దానికోసమైతే చేయించుకోవద్దు. ఖర్చు లక్షన్నర దాటింది, ఆ డబ్బు పెట్రోల్‌లో తిరిగి రావాలంటే ఆయన కాంటెస్సాని ట్యాక్సీకి తిప్పాలి. (నవ్వులు) ఆయనకి కావాల్సింది పొద్దున సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ కావడం, నాలుగు వేల ఆర్‌పీఎం దాటాక తడబడకపోవడం. అవి వచ్చాయి.

*— పాత కార్బురేటర్ ఏం చేశారు?*

బిస్కెట్ డబ్బాలో గుడ్డ చుట్టి పెట్టాను. పారేయొద్దన్నాడు ఓనరు. నాక్కూడా పారెయ్యబుద్ధి కాలేదు.

సరే, ఈ బల్ల మీదున్నది అదే పంపు, అవే రకం ఇంజెక్టర్లు నాలుగు, గాజు గొట్టాల పైన. డబ్బాలో పోసింది పెట్రోల్ కాదు, టెస్టింగ్ ద్రవం, భయపడొద్దు. నువ్వు రా అబ్బయ్యా, ఆ కీ తిప్పు. వినపడిందా బుయ్ అని? ఒకటి, రెండు... ఆగింది. ఆగాలి. ఇప్పుడు ఐదుగురు ఐదుగురుగా ముందుకు రండి. నాలుగు గొట్టాల్లో ఒకటి మిగతావాటి కంటే తక్కువ నిండుతుంది. ఏదో కనిపెట్టి చెప్పండి చూద్దాం.